తణుకులో అమ్మకి సెకండ్‌హ్యాండ్ వీల్‌చైర్ చూస్తున్నాం. 6 వేలు బడ్జెట్, మేడ మీద ఇల్లు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

తణుకు అమ్మాయి

నమస్కారమండీ. మాది తణుకు. మా అమ్మకి 67 ఏళ్లు. సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు పొద్దున్నే పొయ్యి మీద పాలగిన్నె దింపుతూ పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం అన్నారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. రాజమండ్రి ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులుండి ఇంటికి తెచ్చుకున్నాం. దేవుడి దయవల్ల మాట పోలేదు, కుడివైపు బలం బాగానే ఉంది. ఫిజియోథెరపీ అబ్బాయి వారానికి మూడు రోజులు వస్తున్నాడు. పట్టుకుంటే ఒక నిమిషం నిలబడుతుంది, అడుగు మాత్రం పడట్లేదు.

మంచం దగ్గర్నుంచి బాత్‌రూమ్‌కి, అక్కణ్ణుంచి వసారాలోకి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ మా ఆయనా మోస్తున్నాం. పోయిన శుక్రవారం ఆ కుర్చీ వెనక కాలు చీలి అమ్మ పక్కకి జారిపోయింది. దెబ్బ తగల్లేదు గానీ అప్పట్నుంచి కుర్చీ ఎత్తితే చాలు, కుడి చేత్తో నా కుచ్చిళ్లు పట్టుకుని వదలదు. మా ఆయన పొద్దున్న ఏడింటికి రైస్ మిల్లుకి వెళ్తే రాత్రి ఎనిమిది దాకా రారు. పగలంతా నేనొక్కదాన్నే. బాత్‌రూమ్‌కి తీసుకెళ్లాలంటే నాకు కష్టమని అమ్మ పగటిపూట నీళ్లు తాగడం మానేసింది. ఆ సంగతి నాకు మూడు రోజుల తర్వాత గానీ తెలియలేదు. తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒక సర్జికల్ షాపులో వీల్‌చైర్ అద్దెకి తెచ్చాం. నెలకి 900, అడ్వాన్స్ 3,000. బ్రేకు వేసినా కుర్చీ వెనక్కి పోతోంది. మంచం మీద నుంచి అమ్మని దింపుతుంటే జారిపోయింది, నా మోకాలు అడ్డం పెట్టి ఆపాను. రెండో రోజే తిరిగిస్తే రెక్సిన్ మాసిందని అడ్వాన్సులో 500 కోసుకున్నారు.

కొత్తది 7,800 చెప్పారు. ఆసుపత్రి ఖర్చులకే నా గాజులు తాకట్టులో ఉన్నాయి. మా దగ్గర 6 వేలు ఉన్నాయి, రిపేర్లతో సహా అందులో అయిపోవాలి. ఆన్‌లైన్‌లో భీమవరం వాళ్ల యాడ్ ఒకటి చూశాను. 3,500, రెండు నెలలే వాడాం అంటున్నారు. ఫొటోలో బాగానే మెరుస్తోంది. చాలామంది అడుగుతున్నారు, ముందు వెయ్యి ఫోన్‌పే చేస్తే ఉంచుతాం అంటున్నారు. పంపనా?

ఇంకో సంగతి. మేం అద్దెకుండేది మేడ మీద. 19 మెట్లు, మధ్యలో ఒక మలుపు. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు అక్కడెవరో పాత స్టెయిర్ లిఫ్ట్, అదే మెట్లెక్కించే మోటారు కుర్చీ, 70 వేలకి అమ్ముతున్నారని, అందరం తలా కొంత వేసుకుందామని అంటున్నాడు. వాడిది మంచి మనసే, కానీ అప్పు చేసి కొన్నాక పనికి రాకపోతే ఏం చెయ్యాలి?

బాత్‌రూమ్ గుమ్మం 26 అంగుళాలు. అమ్మ బరువు 70 కిలోల పైనే ఉంటుంది, పొడగరి, ఐదడుగుల ఐదు అంగుళాలు. ఇంకేం కొలవాలో నాకు తెలీదు. చెప్పండి, కొలుస్తాను.

---

ఏలూరు సైకిల్ షాపు

అమ్మా, నాది ఏలూరులో సైకిల్ రిపేరు షాపు. ఆసుపత్రుల చక్రాల కుర్చీలు కూడా నా దగ్గరికే వస్తాయి. నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఆ వెయ్యి పంపకు. ఒక్క రూపాయి కూడా పంపకు. ఆదివారం వచ్చి చూస్తాం, నచ్చితే అక్కడికక్కడే మొత్తం చేతిలో పెడతాం అని చెప్పు. నిజంగా అమ్మేవాళ్లయితే రమ్మంటారు. ఇప్పటికే పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

నీ అద్దె కుర్చీ ఎందుకు జారిందో నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది. గాలి టైర్లున్న కుర్చీ అయ్యుంటుంది. ఈ కుర్చీల బ్రేకు అంటే ఒక ఇనప ముక్క టైరుని నొక్కడమే. టైర్లో గాలి తగ్గితే ఆ ముక్కకి టైరు అందదు, నువ్వు హ్యాండిల్ ఎంత గట్టిగా లాగినా అంతే. గాలి కొట్టి, బ్రేకు బోల్టు వదులు చేసి కాస్త టైరు వైపుకి జరిపి బిగిస్తే పది నిమిషాల పని. ఆ పని చెయ్యకుండా మనిషిని కూర్చోబెట్టమని కుర్చీ ఇవ్వడం చాలా తప్పు. చదువుతుంటే బాధేసింది.

కుర్చీ చూడటానికి వెళ్లేటప్పుడు టేపు, టార్చి, ఒక పాత గుడ్డ తీసుకెళ్లు. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లు, బరువున్న మనిషి కూర్చుంటేనే కుర్చీ సంగతి బయటపడుతుంది. ముందు గచ్చు మీద కుర్చీ పూర్తిగా తెరిచి పెట్టి, పైనుంచి ఒక్కో మూలా నొక్కు. నాలుగు చక్రాలూ నేలకి ఆనాలి. విరిగిన బల్లలాగా ఊగిందంటే ఫ్రేము వంగింది. దానికి మందు లేదు, వదిలేసి వచ్చేయ్.

తర్వాత కింద గుడ్డ పరిచి కుర్చీని తిరగేయ్. అమ్మేవాళ్లు ఏమన్నా అనుకుంటారని మొహమాటపడకు. అడుగున గుణకారం గుర్తులాగా రెండు రాడ్లుంటాయి, మడత పడేది వాటివల్లే. మధ్యలో ఒకటే బోల్టు. ఆ బోల్టు దగ్గర ఆట ఎక్కువుందా, రాడ్డు సీటు పైపుని కలిసేచోట వెల్డింగు వెంట్రుకలాగా చీలిందా, టార్చి వేసి చూడు. కుర్చీ అంతా పాతబడి, ఒక్కచోట మాత్రం పెయింటు కొత్తగా మెరుస్తుంటే అక్కడ ఒకసారి విరిగి అతికించారని అర్థం. 70 కిలోల మనిషికి అది వద్దు.

ముందు చిన్న చక్రాల ఇరుసుకి వెంట్రుకలు, దారాలు చుట్టుకుని ఉంటాయి. దాదాపు ప్రతి కుర్చీకీ ఉంటాయి. అది జబ్బు కాదు, బ్లేడుతో కోసి తీసేస్తే పోతుంది. ఆ చక్రం పట్టుకున్న ఫోర్కు అటూ ఇటూ ఊగితే బేరింగు పోయినట్టు. చక్రాలు మార్చొచ్చు, జతకి 500, 600 అవుతుంది, ఆ మేరకి బేరమాడు. పెద్ద చక్రాన్ని రెండు చేతులతో పక్కలకి ఊపి చూడు, పుల్లల్ని జతలు జతలుగా నొక్కి చూడు. ఒకటీ రెండూ వదులైతే ఏ సైకిల్ షాపులోనైనా బిగిస్తారు. మీ ఆయన్ని కూర్చోబెట్టి పదడుగులు తోసి చేతులు వదిలెయ్. తిన్నగా పోవాలి. ఒకవైపే లాగేస్తే ఫ్రేమో చక్రమో తేడా ఉన్నట్టు. చివరికి బ్రేకులు రెండూ వేసి వెనక నుంచి బలంగా తొయ్యి. చక్రం తిరక్కూడదు.

గాలి టైరా, గట్టి రబ్బరు టైరా అని చాలామంది అడుగుతారు. మీ ఇంట్లోనే వాడకం కాబట్టి గట్టి టైరు తీసుకో. గాలి తగ్గడం, బ్రేకు వదలడం ఉండదు. గతుకుల రోడ్డు మీద మాత్రం నడుం కదులుతుంది.

సీటు గుడ్డ సాగిపోయి ఉయ్యాల్లాగా దిగిపోయుంటే కంగారుపడకు. స్కూటర్ సీట్లు కుట్టే షాపులో కింద నవారు పట్టీలు వేసి కొత్త రెక్సిన్ కుట్టిస్తారు. ఇంటికి తెచ్చాక సబ్బునీళ్లతో కడిగి రెండు రోజులు మంచి ఎండలో పెట్టు, కుట్ల సందుల్లో నల్లులుంటాయి. బ్లీచింగ్ వాడకు, ఇనుము తుప్పు పట్టేస్తుంది.

ఫ్రేము బాగుంటే 3,000 దాకా పెట్టొచ్చు. కొలత సరిపోకపోతే మాత్రం ఊరికే ఇచ్చినా తెచ్చుకోకు.

---

తణుకు అమ్మాయి

బాబాయిగారూ, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. డబ్బు పంపలేదు. ఆదివారం వస్తామని మెసేజ్ పెడితే ఆ భీమవరం నంబర్ నుంచి మళ్లీ జవాబు లేదు. ఇప్పుడు స్విచాఫ్ వస్తోంది.

కొలత అంటే ఏమేం కొలవాలండీ? షాపులో అయితే ‘అందరికీ ఇదే సైజు’ అన్నారు.

---

కాకినాడ పిన్ని

అందరికీ ఒకటే సైజు ఉండదమ్మా. మా ఆయనకి ఆరేళ్ల క్రితం ఇలాగే ఎడమవైపు పడిపోయింది. మొదటి కుర్చీ కొలవకుండా కొని ఏడాది పాటు ఆయన్ని బాధపెట్టాను. నీకు ఆ కష్టం రాకూడదని వివరంగా రాస్తున్నాను.

అమ్మని గట్టి బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి, తుంటి దగ్గర ఎక్కువ వెడల్పు ఎక్కడుందో అక్కడ అటొక పుస్తకం, ఇటొక పుస్తకం నిలబెట్టు. రెండు పుస్తకాల మధ్య దూరం కొలువు. దానికి రెండు అంగుళాలు కలిపితే సీటు వెడల్పు. అంతకంటే వెడల్పు ఎక్కువైతే మనిషి పడిపోయిన వైపుకి ఒరిగిపోతుంది, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. పిరుదుల వెనక నుంచి మోకాలి వెనక మడత దాకా కొలిచి రెండు అంగుళాలు తగ్గించు, అది సీటు లోతు. లోతు ఎక్కువైతే సీటు అంచు మోకాలి వెనక కోసుకుంటుంది, మనిషి ముందుకి జారి కూర్చుంటుంది. మోకాలి మడత నుంచి మడమ దాకా ఇంకో కొలత. మీ అమ్మకి ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకో చెబుతాను.

అమ్మకి కుడి చెయ్యి, కుడి కాలు బాగున్నాయన్నావు. అంటే ఆవిడ కుర్చీని తనంతట తానే నడుపుకోవచ్చు. కుడి చేత్తో చక్రం తోస్తూ కుడి పాదంతో నేలని లాగుతూ పోతే కుర్చీ తిన్నగా పోతుంది. చెయ్యి ఒక్కదానితో తోస్తే గుండ్రంగా తిరుగుతుందే గానీ ముందుకి పోదు, దిక్కు చూసుకునేది కాలే. అలా చెయ్యాలంటే దిండు వేసుకుని కూర్చున్నాక కూడా కుడి మడమ నేలకి ఆనాలి. మామూలు కుర్చీల సీటు 19, 20 అంగుళాల ఎత్తుంటుంది, చాలామందికి అందదు. మీ అమ్మ పొడగరి కాబట్టి కాస్త కిందికి దింపగలిగితే చాలు. వెనక చక్రం ఇరుసుకి రెండు మూడు బెజ్జాలున్న కుర్చీ దొరుకుతుందేమో చూడు. పై బెజ్జానికి మారిస్తే సీటు దిగుతుంది, ముందువైపు కూడా సీటు అంతే దింపాలి. కుడి ఫుట్‌రెస్ట్ తీసెయ్యి, ఎడమది ఉంచు. మా ఆయనకి ఈ సంగతి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. ఆయన మొదటిసారి హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా వచ్చి “కాఫీ ఏదీ?” అన్నారు. ఆరేళ్లయినా ఆ గొంతు నాకు చెవుల్లోనే ఉంది.

నాలుగూ చిన్న చక్రాలే ఉండే కుర్చీ సన్నగా ఉంటుంది, బాత్‌రూమ్‌లోకి దూరుతుంది అని షాపులో అంటారు. దూరుతుంది. కానీ అందులో అమ్మ ఎప్పటికీ ఇంకొకరు తోస్తేనే కదలాలి. అందుకని పెద్ద చక్రాలదే చూడమంటాను.

ఎడమ చేతిని ఊరికే వేలాడనివ్వకు. భుజం కీలు కిందికి దిగి తర్వాత విపరీతమైన నొప్పి వస్తుంది, పైగా స్పర్శ సరిగా ఉండదు కాబట్టి వేళ్లు చక్రం పుల్లల్లో పడ్డా తెలీదు. ఒళ్లో దిండు పెట్టి దాని మీద చెయ్యి ఉంచు. ఎడమ బ్రేకు కుడి చేతికి అందదు కాబట్టి దాని హ్యాండిల్‌కి ఒక అడుగు పైపు ముక్క తొడిగించు. కుడివైపు ఆర్మ్‌రెస్ట్ ఊడేదైతే మంచం మీదకి పక్కనుంచి జరపొచ్చు, అప్పుడు కుర్చీ ఆమె కుడివైపు మంచానికి తగిలేలా పెట్టు. మంచం ఎత్తు, సీటు ఎత్తు ఒకటిగా ఉంటే నీ నడుం బతుకుతుంది. మంచం తక్కువుంటే కాళ్ల కింద చెక్క దిమ్మలు వేయించు.

దిండు మాత్రం కొత్తదే కొను. మధ్యలో బెజ్జమున్న గాలి ట్యూబు కొనమని ఎవరన్నా చెబితే వినకు, దాని అంచు చుట్టూ ఒత్తిడి పెరిగి రక్తం ఆడదు. మంచి ఫోము దిండు చాలు. అరగంటకోసారి ముందుకి వంచో పక్కకి ఒరగబెట్టో బరువు మార్చు. రోజూ స్నానం అప్పుడు వీపు కింద, తుంటి దగ్గర చూడు. ఎర్రమచ్చ వేలితో నొక్కినా తెల్లబడకపోతే ఆ రోజు ఇంక కూర్చోబెట్టకు, డాక్టరుకి చూపించు.

బాత్‌రూమ్ గుమ్మం 26 అన్నావు. చెక్కకి చెక్క కొలిచావా, తలుపు తెరిచి ఉండగా కొలిచావా? తెరిచిన తలుపు మందం ఒకటిన్నర అంగుళం తినేస్తుంది. తలుపు ఊడదీసి కర్టెన్ కట్టేస్తే ఆ చోటు కలిసొస్తుంది.

నీళ్ల సంగతి చదివి ఏడుపొచ్చిందమ్మా. కుర్చీ వచ్చేదాకా మంచం దగ్గర బెడ్‌పాన్ పెట్టి, గంటగంటకీ గ్లాసుడు తాగించు.

---

కూకట్‌పల్లి నుంచి

స్టెయిర్ లిఫ్ట్ గురించి నేను చెబుతాను. మా అత్తగారి కోసం కొత్తది పెట్టించాం, ఆవిడ పోయాక అమ్మబోయాం. కాబట్టి రెండు వైపులా తెలుసు.

మీ మెట్లకి మధ్యలో మలుపుంది అన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. స్టెయిర్ లిఫ్ట్ అంటే మెట్ల అంచున బిగించిన ఒక రైలు పట్టా, దాని మీద పాకే కుర్చీ. మెట్లు తిన్నగా ఉంటే పట్టా కూడా తిన్నగా ఉంటుంది, పొడవు ఎక్కువైతే కోసి ఇంకో ఇంట్లో బిగించొచ్చు. మలుపున్న మెట్లకి మాత్రం ఆ ఇంటి మెట్లు కొలిచి, ఆ వంపుకి సరిపడేలా పట్టా వంచి తయారుచేస్తారు. మా ఇంటి పట్టా మీ ఇంటికి ఒక్క అంగుళం కూడా అతకదు. ఖర్చులో పెద్ద వాటా ఆ పట్టాదే. మా దానికి బేరం వచ్చినప్పుడు బిగించే కుర్రాడే వాళ్లతో చెప్పేశాడు, కుర్చీ, మోటారు పనికొస్తాయి, పట్టా మళ్లీ కొత్తది చేయించాలి అని. వాళ్లు వెళ్లిపోయారు. నాకు నష్టమే గానీ అతను నిజం చెప్పాడు.

మీ తమ్ముడు చూసినది తిన్నటి మెట్లదే అయినా మీకు రెండు కావాలి, కింద వరసకొకటి, పై వరసకొకటి. మలుపు దగ్గర అమ్మని ఒక కుర్చీలోంచి లేపి ఇంకోదాంట్లో కూర్చోబెట్టాలి. ఒకవైపు పడిపోయిన మనిషిని ఆ ఇరుకులో లేపడం చాలా ప్రమాదం, దయచేసి ఆ ఆలోచన వద్దు. పైగా అది బ్యాటరీల మీద నడుస్తుంది. 12 వోల్టులవి రెండుంటాయి, పాతదంటే అవి మార్చాల్సి ఉంటుంది. పట్టా కాళ్లు మెట్లలోకి బోల్టులు కొట్టి బిగిస్తారు, అద్దె ఇంట్లో ఓనరు ఒప్పుకోవాలి. ఇంతా చేశాక రేపు ఇల్లు మారితే?

ఆ 70 వేల అప్పు చెయ్యకండి. కింది వాటాలోకి మారే దారి చూడండి. ఓనరుగారి కాళ్లు పట్టుకునైనా అడగండి. అప్పటిదాకా ఆసుపత్రికి దింపాల్సొస్తే వీల్‌చైర్‌నే దింపొచ్చు. అమ్మ ముఖం మెట్ల దిగువవైపుండాలి, బలమైన మనిషి పైన వెనక హ్యాండిళ్లు పట్టుకుని కుర్చీని వెనక్కి వాల్చి, పెద్ద చక్రాల మీద ఒక్కో మెట్టూ నెమ్మదిగా దించాలి. ముందున్న మనిషి ఫ్రేము పైపునే పట్టుకోవాలి. ఆర్మ్‌రెస్టులు, ఫుట్‌రెస్టులు పట్టుకుంటే ఊడి చేతికొస్తాయి. అమ్మకి బెల్టు పెట్టడం మర్చిపోకండి.

---

విజయనగరం మాస్టారు

నాకు చిన్నప్పుడే పోలియో. బడికి, బజారుకి అన్నిటికీ కుర్చీలోనే వెళ్తాను. కుర్చీ గురించి పైవాళ్లు చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు. డబ్బు గురించి రెండు సంగతులు.

60 దాటిన పేదవాళ్లకి కేంద్రం వాళ్ల రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017లో మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకి, లేదా నెల ఆదాయం 15,000 మించనివాళ్లకి వీల్‌చైర్, వాకర్, చేతికర్ర లాంటివి ఉచితంగా ఇస్తారు. వికలాంగుల సర్టిఫికెట్ 40 శాతం పైన ఉన్నవాళ్లకి ఎడిప్ అని ఇంకో పథకం. రెండింటికీ వస్తువులు తయారుచేసి ఇచ్చేది కాన్పూర్‌లోని ఆలింకో, కేంద్ర ప్రభుత్వ సంస్థ. క్యాంపులు పెట్టి కొలతలు తీసుకుని తర్వాత ఇస్తారు కాబట్టి రేపటికి రేపు రాదు. అందుకే ఇప్పటికి పాతది కొనుక్కోండి, పేరు మాత్రం ఇవాళే రాయించండి. ఆధార్, రేషన్ కార్డు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు తీసుకుని మీ వార్డు సచివాలయంలో అడగండి.

అక్కడే సదరం, అంటే వికలాంగుల సర్టిఫికెట్ పరీక్షకి, స్లాటు కూడా బుక్ చేయించండి. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి పింఛను నెలకి 15,000, మిగతా వికలాంగులకి 6,000. మీ అమ్మగారు దేనికిందికి వస్తారో డాక్టర్ల బోర్డు పరీక్ష చేసి రాసిన దాన్ని బట్టి ఉంటుంది. స్లాటు రోజు ఆసుపత్రిలో కుర్చీ దొరుకుతుందని నమ్ముకుని వెళ్లకండి, మీ కుర్చీ మీరు తీసుకెళ్లండి.

అమ్మగారికి ఒక మాట చెప్పండమ్మా. కుర్చీలో కూర్చుంటే ఇంక నడవలేమని చాలామంది పెద్దవాళ్లు భయపడి అసలు కూర్చోరు. నడిచే వ్యాయామం నడిచే వ్యాయామమే, కుర్చీ కుర్చీయే. రెండూ ఏకకాలంలో సాగొచ్చు.

---

తణుకు అమ్మాయి

అందరికీ నమస్కారం. మూడు వారాలైంది రాసి. జరిగింది చెప్పకపోతే బాగుండదని రాస్తున్నాను.

కుర్చీ దొరికింది. పాలకొల్లులో మా తోడికోడలికి తెలిసినవాళ్ల ఇంట్లో పెద్దాయన పోయారు, ఆయన కుర్చీ అటక మీద ఉంది. ఆదివారం వెళ్లాం. టేపు, టార్చి, గుడ్డ తీసుకెళ్లాను. తిరగేస్తుంటే ఆ ఇంటావిడ ఏమనుకుంటుందో అని చేతులు వణికాయి గానీ, ఆవిడే వచ్చి ఇంకో పక్క పట్టుకుంది. “మా నాన్నకి కొనేటప్పుడు మాకు ఇవేం తెలీదమ్మా” అంది. వెల్డింగు బాగుంది. నాలుగు చక్రాలూ నేలకి ఆనాయి. ముందు చక్రాల దగ్గర మాత్రం వేలు మందాన తెల్లవెంట్రుకలు, జంధ్యపు పోగుల్లాంటి దారాలు చుట్టుకుని ఉన్నాయి. ఆవిడ వాటిని చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. నేనూ బ్లేడు బయటికి తియ్యలేదు, ఇంటికొచ్చాక తీశాను.

3,200 చెప్పి 2,800కి ఇచ్చారు. అమ్మ తుంటి కొలత 16, సీటు 18, సరిగ్గా సరిపోయింది. ఇరుసుకి రెండు బెజ్జాలున్నాయి. తణుకులోనే సైకిల్ షాపులో చక్రాలు పై బెజ్జానికి మార్పించి, ముందు చక్రాలు కొత్తవి వేయించి, ఎడమ బ్రేకుకి పైపు తొడిగిస్తే 850 అయింది. స్కూటర్ సీటు అతను నవారు వేసి కుట్టడానికి 400 తీసుకున్నాడు. ఫోము దిండు 1,100. మొత్తం 5,150.

తమ్ముడికి పట్టా సంగతి చెప్పాను. వాడు వెళ్లి చూసొచ్చి “అక్కా, అది గుండ్రంగా వంగి ఉంది” అని ఫోన్ చేశాడు. ఆ రోజే మా ఓనరుగారిని అడిగాను. కింద వెనక వాటాలో ఆయన పాత సామాన్లు, ధాన్యం బస్తాలు వేసుకున్నారు. నెలకి 500 ఎక్కువిస్తామన్నాం. రెండు రోజులు ఏం చెప్పలేదు. మూడో రోజు ఆయనే బస్తాలు మోయించేస్తున్నారు. అరుగు ఎత్తు 6 అంగుళాలు, అందుకని మేస్త్రీ ఆరడుగులు వాలు కట్టాడు, సిమెంటు ఓనరుగారిదే. గడప దగ్గర మాత్రం అమ్మ ఒప్పుకోలేదు, పసుపు రాసిన గడప కొట్టించకూడదంది. అటూ ఇటూ వాలుగా చెక్కలు చేయించి పెట్టాం. శుక్రవారం చెక్కలు తీసి గడప కడిగి పసుపు రాసి మళ్లీ పెడుతున్నాను. బాత్‌రూమ్ తలుపు తీసేసి కర్టెన్ కట్టాం. కుర్చీ వెడల్పు 25, గుమ్మం 26. దూరేటప్పుడు అమ్మ కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుంటుంది, నేను తోస్తాను.

మొదటి వారం భయపడింది. కూర్చోగానే రెండు బ్రేకులూ తనే వేసుకునేది, వేశాక మళ్లీ ఒకసారి లాగి చూసుకునేది. ఇదివరకు రాత్రి పడుకునేముందు గ్యాస్ మీట అలాగే రెండుసార్లు చూసేది. మొన్న బుధవారం కుడి కాలితో లాక్కుంటూ మంచం దగ్గర్నుంచి కుండ దగ్గరికి తనే వెళ్లి, గ్లాసు ముంచుకుని తాగింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ కిటికీలోంచి చూశాను, పిలవలేదు.

సచివాలయంలో పేరు రాయించాం, సదరం స్లాటు వచ్చే నెల ఇచ్చారు.

బాబాయిగారూ, ఒకటే సందేహం. రెండు రోజుల నుంచి ఎడమ ముందు చక్రం కీచుమంటోంది. కొబ్బరినూనె వెయ్యనా?

---

ఏలూరు సైకిల్ షాపు

నూనె వద్దమ్మా. దుమ్ము పట్టేసి వారంలో బిగుసుకుపోతుంది. నట్టు తీసి గుడ్డతో తుడిచి కాస్త గ్రీజు పెట్టించు. నట్టు మళ్లీ బిగించేటప్పుడు మరీ గట్టిగా బిగించనివ్వకు, చక్రం వేలితో తోస్తే రెండు మూడు చుట్లు తిరగాలి.